లోపలి పేజీల కోసం

2024 అక్టోబరులో వచ్చిన ‘అబ్సల్యూట్ బ్యాట్‌మన్’ మొదటి సంచికలో బ్యాట్‌మన్ తన ఛాతీ మీది గబ్బిలం గుర్తును ఊడబెరికి చేత్తో పట్టుకుంటాడు. అది గొడ్డలి అవుతుంది! 1939 నుంచి ఆ గుర్తు ఆ ఛాతీ మీదే ఉంది. తరాల తరబడి ఎంతమంది చేతుల్లో దాని రెక్కలు సాగాయో, కుదించుకుపోయాయో, చుట్టూ పసుపుపచ్చ వలయం వచ్చి పోయిందో లెక్కలేదు. దాన్ని ఆయుధంగా చూడాలన్న ఊహ రచయిత స్కాట్ స్నైడర్‌కీ చిత్రకారుడు నిక్ డ్రగోటాకీ వచ్చింది. ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. కొత్త సూపర్‌హీరో కామిక్స్‌లో పస అయిపోయిందని తేల్చేసిన పాత పాఠకులందరి ముందూ ఆ ఒక్క పేజీ తెరిచి పెట్టాలనిపించింది.

ఈ బ్రూస్ వేన్‌కి కోట లాంటి ఇల్లు లేదు, కోట్లు లేవు. బడిపంతులు కొడుకు, నగరపాలక సంస్థలో ఇంజినీరు. తండ్రి జంతుప్రదర్శనశాలలో జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. తల్లి బతికే ఉంది. పాత కథల్లో బ్యాట్‌మన్‌కి బద్ధశత్రువులైన ఆస్వాల్డ్, హార్వీ, వేలన్ ఇక్కడ అతని చిన్ననాటి స్నేహితులు. ఇదంతా స్నైడర్ కల్పన, బాగుంది. కానీ నన్ను కట్టిపడేసింది డ్రగోటా గీత. అతని బ్యాట్‌మన్ ఎద్దులా ఉంటాడు. భుజాలు ప్యానెల్ (బొమ్మ గడి) అంచుల్ని తోసుకొస్తుంటాయి. చుట్టూ అగ్గిపెట్టెలంత చిన్న ప్యానెళ్ళు వరసగా పేర్చి, ఒక్కసారిగా పేజీ అంతా పరుచుకున్న మనిషిని నిలబెడతాడు. అప్పుడు మన చూపు తడబడుతుంది. ఆ తడబాటే దెబ్బ తగిలినట్టుంటుంది. రంగులు ఫ్రాంక్ మార్టిన్‌వి, అక్షరాలు క్లేటన్ కౌల్స్‌వి. ఈ పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పడం పనిగట్టుకుని చేస్తున్నాను. ఎందుకంటే సూపర్‌హీరో కామిక్ గొప్పతనం హీరోలో లేదు, ఈ చేతుల్లో ఉంది. హీరో ఎవరైనా కావచ్చు. చెయ్యి తిరిగినవాళ్ళు ఒకే పుస్తకం మీద కుదురుగా కూర్చుంటే ఆ పుస్తకం నిలుస్తుంది. లేకపోతే ఎంత పేరున్న హీరో అయినా కాగితం బొమ్మే.

చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికతో సూపర్‌మన్ వచ్చాడు. వెల పది సెంట్లు. సృష్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు. ఏడాది తిరగ్గానే బ్యాట్‌మన్. 1961లో ‘ఫెంటాస్టిక్ ఫోర్’తో మార్వెల్ కంపెనీ కొత్త ఊపిరి తీసుకుంది, 1962 ఆగస్టు సంచికతో స్పైడర్‌మన్ పుట్టాడు. చవక న్యూస్‌ప్రింట్, నాలుగు రంగుల చుక్కలు, నెలకో పుస్తకం. పిల్లలు చదివి పారేసేందుకు చేసిన సరుకది. దాని మీదే కొందరు తమ జీవితకాలపు పనితనం అంతా పెట్టేశారు.

ఆ పనితనం ఏమిటో చూడాలంటే 1966 ఫిబ్రవరి తేదీతో వచ్చిన ‘అమేజింగ్ స్పైడర్‌మన్’ 33వ సంచిక తెరవాలి. నీళ్ళ అడుగున శత్రువు స్థావరం. స్పైడర్‌మన్ మీద రైలింజనంత యంత్రం కూలి పడి ఉంటుంది. పిన్ని మే ప్రాణం నిలిపే మందు సీసా కళ్ళ ముందే, చేతికందనంత దూరంలో. పైకప్పు నుంచి నీళ్ళు కారుతుంటాయి. స్టీవ్ డిట్కో ఇక్కడ చేసిన పని చూడండి. ముందు పేజీల్లో ప్యానెళ్ళు ఇరుకు. స్పైడర్‌మన్ కింద నలిగినట్టు ఉంటాడు, యంత్రం నల్లటి ముద్దగా పైన. అతను బలం కూడగట్టుకునే కొద్దీ ప్యానెల్ పెరుగుతుంది. మొదట వేలెడంత జాగా, తర్వాత ఇంకాస్త. మోకాలు లేస్తుంది, వీపు లేస్తుంది. ఆ పెరుగుదల కథలో యంత్రం ఎంత లేచిందో అంతే. చివరికి పేజీ తిప్పితే ప్యానెళ్ళు లేవు, గీతలు లేవు, మొత్తం పేజీ ఒకే బొమ్మ. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ స్పైడర్‌మన్, నెత్తి మీద నుంచి దొర్లిపోతున్న ఇనుము. కెమెరా లేదు, సంగీతం లేదు. చదివేవాడి భుజాలు నొప్పెడతాయి. బరువును కాగితం మీద ఇంత కచ్చితంగా తూచి చూపించినవాడు ఇంకొకడు నాకు కనపడలేదు.

అప్పటికి కథ అల్లేది కూడా డిట్కోయే. ముందు చిత్రకారుడు బొమ్మల్లో కథ నడిపించడం, తర్వాత స్టాన్ లీ వచ్చి బెలూన్లలో మాటలు నింపడం మార్వెల్ పద్ధతి. ఆ ఇద్దరికీ మాటలు కూడా లేని రోజులవి. ఇంకో అయిదు సంచికలు గీసి, 38వ దానితో డిట్కో వెళ్ళిపోయాడు. లీ మాటల్లో చమత్కారం ఉంది, కాదనను. కానీ యంత్రం లేపింది డిట్కో. ఈ గొడవలో నేను ఎప్పుడూ డిట్కో పక్షమే. జాక్ కర్బీ సంగతి వచ్చినా అంతే.

కర్బీ! 1941లో జో సైమన్‌తో కలిసి కెప్టెన్ అమెరికాను సృష్టించిన మనిషి. ‘ఫెంటాస్టిక్ ఫోర్’ వరసగా 102 సంచికలు గీశాడు. 48 నుంచి 50 దాకా, 1966లో, గ్రహాల్ని మింగే గెలాక్టస్ భూమికి వస్తాడు. అతని ముందు వెండి మనిషి ఒకడు పలక మీద ఆకాశంలో తేలుతూ వస్తాడు. ఆ సిల్వర్ సర్ఫర్ స్టాన్ లీతో జరిగిన కథాచర్చలో లేనే లేడు. అంతటి దేవుడికి ముందు నడిచే దూత ఉండాలి కదా అనుకుని కర్బీ పేజీల్లో తనంతట తాను పెట్టేశాడు. అతని బొమ్మలో శక్తి అంటే నల్లచుక్కల గుంపులు. మరుగుతున్నట్టు, పేలబోతున్నట్టు. ఆకాశం ఖాళీగా ఉంటే అతనికి నచ్చదు. మనిషి పిడికిలి పేజీలోంచి మన ముక్కు మీదికి వస్తుంది, వెనక కాలు ఎక్కడో దూరంగా చిన్నదైపోతుంది. వేళ్ళ చివర్లు చతురస్రాలు. శరీరశాస్త్రం ప్రకారం తప్పని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కర్బీ గీసింది కండరాల్ని కాదు, వేగాన్ని. ఇవాళ తెర మీద ఏ సూపర్‌హీరో నిలబడే తీరు చూసినా అందులో కర్బీ అంశ ఉంటుంది.

ఇంకర్ గురించి చెప్పకపోతే ఈ కళ సగమే చెప్పినట్టు. పెన్సిల్ గీసినదాని మీద కుంచెతో, పాళీతో నల్లసిరా పెట్టేవాడు ఇంకర్. ‘ఉన్న గీత మీద గీయడమేగా’ అని తీసిపారేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. పెన్సిల్ గీతలో బూడిదరంగు ఉంటుంది, సందేహం ఉంటుంది. సిరాలో అవి ఉండవు. ఏ గీత లావు, ఏది సన్నం, నీడ ఎక్కడ తెగాలి, లోహం ఎక్కడ మెరవాలి, ఇవన్నీ ఇంకర్ తేల్చాలి. గెలాక్టస్ కథకు సిరా పెట్టిన జో సిన్నట్ చేతిలో కర్బీ యంత్రాలు నూనె పెట్టినట్టు మెరుస్తాయి. అదే కర్బీకి విన్స్ కొలెట్టా సిరా పెట్టినప్పుడు వెనకాల ఉన్న మనుషులు, కిటికీలు మాయమైపోయేవి. పని త్వరగా తేల్చడానికి రబ్బరుతో చెరిపేసేవాడు. పెన్సిల్ నకళ్ళు మిగిలిన చోట రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, కడుపు తరుక్కుపోతుంది. కర్బీ 1970లో సూపర్‌మన్, బ్యాట్‌మన్ పుస్తకాలు వేసే డీసీ కంపెనీకి వెళ్ళి ‘న్యూ గాడ్స్’ మొదలుపెట్టాక, అయిదో సంచిక నుంచి మైక్ రోయర్ వచ్చాడు. సిరా అతనే, అక్షరాలూ అతనే. కర్బీ పెట్టిన ఒక్క గీతను కూడా పోనివ్వలేదు. ఆ సంచికలు చూస్తే మాస్టారి చెయ్యి ముడి రూపంలో దొరికినట్టుంటుంది.

అక్షరాలు రాసేవాడి పేరు పాఠకులకు అసలు తెలియదు. లెటరర్ చేసే పని మన చూపును నడిపించడం. ఏ బెలూన్ ముందు, ఏది తర్వాత, తోక ఎవరి నోటి వైపు తిరగాలి, మాటకీ మాటకీ మధ్య ఎంత ఖాళీ ఉంటే అది మౌనం అవుతుంది? వాల్టర్ సైమన్సన్ 1983లో ‘థోర్’ 337వ సంచికతో పగ్గాలు పట్టుకున్నాడు. మొదటి పేజీల్లోనే నక్షత్రాల నడుమ ఎవరో రాక్షసుడు కత్తి సాగగొడుతుంటాడు. ఎవరో కనపడడు, సుత్తి చప్పుడే. ఆ చప్పుడును జాన్ వర్క్‌మన్ పేజీకి అడ్డంగా, కట్టడంలా నిలబెట్టిన అక్షరాల్లో రాశాడు. నెలనెలా కథ ఎక్కడికో పోతుంది, మధ్యలో ఒక పేజీలో మళ్ళీ ఆ చప్పుడు. బొమ్మలో అక్షరం ఒక వస్తువు. దానికి బరువుంది, నీడుంది. ‘థోర్’ 380వ సంచికైతే ప్రతి పేజీ ఒకే నిండు బొమ్మ. మహాసర్పంతో యుద్ధం. సైమన్సన్ కూర్పు, సాల్ బుసేమా గీత. ఆ ధైర్యం ఇవాళ ఎంతమందికి ఉంది?

రంగు గురించి రెండు మాటలు. పాత పద్ధతిలో రంగుకు దొరికేవి చుక్కల కలయికతో వచ్చే అరవై నాలుగు ఛాయలు. ఆ కరువులోనే ఎరుపు ఎరుపుగా, నీలం నీలంగా నిలిచింది. ఇప్పుడు పాత కథల్ని మెరుగు కాగితం మీద మళ్ళీ అచ్చువేస్తూ, చప్పిడి బుగ్గలకు కంప్యూటర్ మెరుపులు దిద్దుతున్నారు. ఆ పాపం ఎవరు చేసినా నేను క్షమించను. రంగు తెలిసినవాడు కొత్త పరికరంతో ఏం చేయగలడో చూడాలంటే 2025లో మొదలైన ‘అబ్సల్యూట్ మార్షన్ మ్యాన్‌హంటర్’ చూడాలి. రచన డెనిజ్ కాంప్. బొమ్మ, సిరా, రంగు అన్నీ హవియర్ రోడ్రిగెజ్. అతను ‘డేర్‌డెవిల్’కు రంగులు వేసిన రోజుల నుంచి నేను ఆ పేరు వెతుక్కుంటూ ఉంటాను. ఇందులో జాన్ జోన్స్ అనే ఎఫ్‌బీఐ అధికారికి ఎదుటివాళ్ళ ఆలోచనలు రంగు పొగలా కనిపిస్తాయి. వీధిలో నడుస్తున్న ప్రతి మనిషి తల నుంచీ ఒక్కో రంగు. దుఃఖం ఒక రంగు, కసి ఇంకోటి. మాటల్లో రాయబోతే నాలుగు పేజీలు పట్టేది ఒక్క ప్యానెల్లో అయిపోతుంది. రంగు ఇక్కడ అలంకారం కాదు, కథే రంగు. చదువుతూ చదువుతూ ఆనందంతో లేచి నిలబడ్డాను.

ఫ్రాంక్ క్వైట్లీ పేరు చెప్పకుండా ముందుకు పోలేను. 2005లో మొదలై పన్నెండు సంచికల్లో ముగిసిన ‘ఆల్-స్టార్ సూపర్‌మన్’ మొదటి పేజీలో, గ్రాంట్ మారిసన్‌తో కలిసి, సూపర్‌మన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ నాలుగు ప్యానెళ్ళలో, ఎనిమిది మాటల్లో చెప్పేశాడు. సినిమాలు గంటసేపు నమిలేది ఇదే. అందులోనే పదో సంచికలో భవనం అంచున దూకబోతున్న ఒక అమ్మాయి వెనకాల సూపర్‌మన్ వచ్చి నిలబడతాడు. కొట్టడాలు లేవు, ఎగరడాలు లేవు. రెండు మాటలు చెప్పి దగ్గరకు తీసుకుంటాడు. అంతటి బలశాలి చెయ్యి ఆ పిల్ల భుజం మీద ఎంత తేలిగ్గా ఆనిందో క్వైట్లీ గీతలో కనిపిస్తుంది. సూపర్‌హీరో అంటే గుద్దులాటే అనేవాళ్ళకు నేను ఈ పేజీయే చూపిస్తాను.

ఇక ఈ మధ్య వచ్చినవాటిలో పనితనానికి పరాకాష్ఠ అనదగ్గది 2021 చివర్లో వచ్చిన ‘నైట్‌వింగ్’ 87వ సంచిక. రచన టామ్ టేలర్, బొమ్మలు బ్రూనో రెడొండో. దుండగులు నైట్‌వింగ్ కుక్కపిల్లను ఎత్తుకుపోతే అతను వెంటపడి తెచ్చుకుంటాడు, కథ ఇంతే. కానీ సంచిక మొత్తం ఒకే బొమ్మ! పేజీలన్నీ పక్కపక్కన పరిస్తే ఎక్కడా తెగని ఒకే చిత్రపటం. ప్యానెళ్ళ మధ్య ఖాళీ అన్నది లేదు. ఒకే మేడ మీద నైట్‌వింగ్ పరుగెత్తుతూ ఒకసారి, దూకుతూ ఒకసారి, వేలాడుతూ ఇంకోసారి కనిపిస్తాడు. కన్ను అతని వెంట పరుగెడుతుంది. ఈ విద్య మనకు కొత్త కాదు. అమరావతి స్తూపం శిల్పంలో మదించిన నలగిరి ఏనుగు ఒకే ఫలకంలో ఒక పక్క మనుషుల్ని తొక్కుతూ, ఇంకో పక్క బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లుతూ కనిపిస్తుంది. ఏనుగు ఒకటే, క్షణాలు రెండు. మన శిల్పి రాతిలో చేసింది రెడొండో నెలవారీ పత్రికలో, గడువు లోపల చేశాడు. ఒక్క కిటికీ, ఒక్క గోడ దొంగపని లేదు. ఆ మేడల లెక్క తప్పితే ఆ సంచికంతా కూలిపోయేది.

‘అల్టిమేట్ స్పైడర్‌మన్’ ఇంకో దారి. 2024 జనవరిలో జొనాథన్ హిక్‌మన్, మార్కో చెకెట్టో మొదలుపెట్టారు. ఇక్కడి పీటర్ పార్కర్ ముప్ఫైలు దాటినవాడు. మేరీ జేన్ భార్య, ఇద్దరు పిల్లలు, బాబాయి బెన్ బతికే ఉన్నాడు. శక్తులు అప్పుడు వస్తాయి, సంసారం మధ్యలో. ఈ పుస్తకం ఇంతమందిని ఎందుకు పట్టుకుందో నాకు బాగా తెలుసు. 1987లో పెళ్ళి చేసుకున్న పీటర్, మేరీ జేన్‌లను 2007లో మెఫిస్టో అనే దయ్యంతో బేరం పెట్టించి విడదీశారు. పెళ్ళి జరగనే లేదన్నట్టు తుడిచేశారు. ఇరవై ఏళ్ళ కాపురాన్ని పాఠకుల కళ్ళ ముందు నరికేశారు! ఆ గాయం ఇంకా మానలేదు. చెకెట్టో వంటింటి బల్ల దగ్గర కూర్చున్న కుటుంబాన్ని ఎంత శ్రద్ధగా గీస్తాడో, మేడల మధ్య ఊగే స్పైడర్‌మన్‌నీ అంతే శ్రద్ధగా గీస్తాడు. భార్యాభర్తలు మాట్లాడుకుంటుంటే ముఖాల్లో కదిలేది చూడండి. హిక్‌మన్ మాటలు తగ్గించి ఆ ముఖాలకు చోటిచ్చాడు. రచయితలు నేర్చుకోవలసిన వినయం అది.

‘అబ్సల్యూట్ వండర్ ఉమన్’ కెల్లీ థాంప్సన్ రచన. డయానాను నరకంలో మంత్రగత్తె సర్సీ పెంచుతుంది. అస్థిపంజరపు రెక్కలగుర్రం, ఆమె ఎత్తుకు సమానమైన కత్తి. ఇలా చెబితే భయంకరంగా ఉంటుందనిపిస్తుంది. చదివితే సర్సీకీ డయానాకూ మధ్య పెనవేసుకున్న తల్లీబిడ్డల మమతే నిలిచిపోతుంది. హేడెన్ షెర్మన్ పేజీ కూర్పులో ప్యానెళ్ళు గుండ్రంగా, విరిగినట్టు, మెట్లలా ఎన్ని రూపాలు తీసుకున్నా ఎక్కడా దారి తప్పవు. జోర్డీ బెల్లైర్ నరకానికి వేసిన ఎరుపు వేరు, భూమ్మీది యుద్ధానికి వేసిన ఎరుపు వేరు. 2025లో కొత్త సిరీస్‌కు కామిక్స్ రంగంలో ఇచ్చే ఐస్నర్ అవార్డు దీనికే వచ్చింది. రావాలి కూడా. మార్క్ వెయిడ్, డాన్ మోరా ‘వరల్డ్స్ ఫైనెస్ట్’ 2022 నుంచి పాత సంబరాన్ని మళ్ళీ తెచ్చింది. అల్ యూయింగ్, జో బెనెట్ యాభై సంచికల ‘ఇమ్మోర్టల్ హల్క్’ ఈ తరం భయానక కథల్లో మేటి. మార్వెల్ అభిమానులు కోప్పడినా సరే, ఇవాళ ధైర్యం డీసీ వైపు ఉంది.

ఇంత మంచి పని జరుగుతుంటే ప్రచురణకర్తలు దాన్ని ఎలా అమ్ముతున్నారో చూస్తే రక్తం మరుగుతుంది. ఒక సంచిక వస్తుంది, లోపల కథ ఒకటే, అట్టలు పది, పదిహేను. ఇరవై అయిదు కాపీలు తెప్పించుకున్న దుకాణానికి ఒక అరుదైన అట్ట, యాభై తెప్పిస్తే ఇంకోటి. దుకాణం వాడు అమ్ముడుపోని కాపీలు నెత్తిన పెట్టుకుని ఆ ఒక్క అట్టను పది రెట్ల ధరకు అమ్ముకోవాలి. కొన్నవాడు దాన్ని ప్లాస్టిక్‌లో బిగించి దాచుకుంటాడు, తెరవడు. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి సరుకు గురించే. లోపల లొటారం కాకపోయినా చూసేవాడు లేడు, అది ఇంకా ఘోరం. అట్ట గీసినవాడు ఒకడు, లోపల గీసినవాడు ఇంకొకడు. నేనొక సంకలనం అట్ట మీది గీతకు మురిసి కొన్నాను. లోపల ఆ చిత్రకారుడి పేజీ ఒక్కటీ లేదు. ముగ్గురు గీశారు, ముగ్గురివీ మూడు ముఖాలు. హీరో ఎవరో దుస్తుల రంగు బట్టి పోల్చుకోవలసి వచ్చింది. పాఠకుణ్ణి ఇంతకంటే చులకన చేయడం ఉండదు.

‘అమేజింగ్ స్పైడర్‌మన్’ 1963 నుంచి 1998 దాకా 441 సంచికలు ఒకే వరసలో నడిచింది. ఆ తర్వాత 1999లో ఒకటి, 2014లో ఒకటి, 2015లో మళ్ళీ ఒకటి, 2018లో, 2022లో, 2025లో మళ్ళీ మళ్ళీ ఒకటో నంబరు. ఒకటో నంబరైతే ఎక్కువ అమ్ముడవుతుందని. వేసవి వచ్చిందంటే ‘ఈవెంట్’ అని పేరు పెట్టి, ఒక్క కథను పాతిక పుస్తకాల్లో చెల్లాచెదురుగా పంచి, అన్నీ కొంటేనే అర్థమయ్యేట్టు చేస్తారు. ఒక రచయిత రెండేళ్ళు శ్రద్ధగా కట్టుకున్న కథ మధ్యలోకి ఈ ఈవెంట్ వచ్చి పడుతుంది. ఇరవై పేజీల సంచికకు నాలుగైదు డాలర్లు తీసుకుంటూ చేసే పనా ఇది?

ఈ దారి ఎక్కడికి పోతుందో వాళ్ళకు తెలియక కాదు. 1991లో క్రిస్ క్లేర్‌మాంట్, జిమ్ లీ ‘ఎక్స్‌మెన్’ ఒకటో సంచిక అయిదు రకాల అట్టలతో వచ్చి ఎనభై లక్షల దాకా అచ్చయింది. మరుసటి ఏడాది సూపర్‌మన్ మరణించిన సంచిక నల్ల సంచిలో పెట్టి అమ్మారు. దాచుకుంటే ధర పెరుగుతుందని జనం ఎగబడ్డారు. అందరూ దాచుకున్నాక దేనికి ధర? బుడగ పగిలింది, దుకాణాలు వేలల్లో మూతపడ్డాయి, 1996 డిసెంబరులో మార్వెల్ దివాలా పిటిషన్ వేసింది. 2025 జనవరిలో డైమండ్ అనే పెద్ద పంపిణీ సంస్థ దివాలాకు చేరింది. కారణాలు వేరే ఉన్నాయనుకోండి. ఈ వ్యాపారం ఎంత బలహీనమైన పునాది మీద నిలబడిందో మాత్రం అర్థమైంది. అట్టలు కొనేవాళ్ళ మీద కాదు, పేజీలు చదివేవాళ్ళ మీద కట్టుకోండి.

మాస్టర్లకు చేసిన అన్యాయం ఈ కళకు అంటిన మచ్చ. సీగెల్, షుస్టర్‌లకు సూపర్‌మన్ హక్కుల కింద దక్కింది 130 డాలర్లు. వాళ్ళ పేర్లు మళ్ళీ పుస్తకం మీద చేరి, ఏటా కాస్త భృతి రావడానికి 1975 దాకా ఆగాల్సి వచ్చింది. బ్యాట్‌మన్ రూపురేఖలు దిద్దిన బిల్ ఫింగర్ 1974లో చనిపోతే 2015లో గానీ సృష్టికర్తల్లో పేరు పడలేదు. కర్బీ తన సొంత పేజీలు తిరిగి ఇమ్మంటే, మిగతావాళ్ళకు ఒక్క పేజీ పత్రం, అతనికి మాత్రం నాలుగు పేజీల ప్రత్యేక పత్రం మీద సంతకం పెట్టమన్నారు. గీసిన వేల పేజీల్లో చివరికి చేతికందింది కొంత భాగమే. 1994లో పోయాడు. అతని కుటుంబంతో రాజీ కుదిరింది 2014లో. సొమ్మొకడిది, సోకొకడిది. ఈ లోపల ఆ బొమ్మల మీద సినిమాలు వేల కోట్లు గడించాయి.

ఇప్పుడు కొత్త ముప్పు, యంత్రం గీసే బొమ్మ. నాలుగు మాటలు టైపు చేస్తే ఎవరి గీతనైనా అనుకరించి పోసేస్తుంది. ఆ బొమ్మలో మెరుపుంటుంది, నిర్ణయం ఉండదు. ప్యానెల్ ఎందుకు పెరిగిందని అడిగితే డిట్కో దగ్గర జవాబుంది. ఆ యంత్రం దగ్గర ఏముంది? 2025 అక్టోబరులో డీసీ అధినేతల్లో ఒకడైన జిమ్ లీ తమ సంస్థ అలాంటి బొమ్మల్నీ కథల్నీ దగ్గరికి రానివ్వదని బహిరంగంగా చెప్పాడు. అతని ఎక్స్‌మెన్ రోజుల అట్టల వ్యాపారం మీద నాకు కోపం ఉన్నా, ఈ మాటకు మాత్రం దండం పెడతాను. మిగతా సంస్థలూ అదే మాట కాగితం మీద పెట్టాలి.

మన దగ్గర ఈ పుస్తకాలు చాలామందికి మొదట దొరికింది ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీదే. అట్ట చిరిగిన అమెరికా సంచికలు, గోథమ్ కామిక్స్ వాళ్ళు మనదేశంలో చవగ్గా అచ్చువేసిన మార్వెల్, డీసీ పుస్తకాలు. ఆ చవక ముద్రణలు ఎంతమంది పాఠకుల్ని తయారుచేశాయో! ఆ సంస్థే 2004లో జీవన్ కాంగ్ బొమ్మలతో ‘స్పైడర్‌మన్ ఇండియా’ తెచ్చింది. ధోవతి కట్టిన పవిత్ర్ ప్రభాకర్. కథ పాతదాన్నే తిరగరాసినట్టున్నా గీతలో ఉత్సాహం ఉంది. ముంబైలో పుట్టిన రచయిత రామ్ వి ఆ మెట్టు దాటి చాలా దూరం వెళ్ళాడు. మైక్ పెర్కిన్స్‌తో చేసిన ‘స్వాంప్ థింగ్’లో లీవై కామీ అనే భారతీయుణ్ణి మధ్యలో నిలబెట్టి, మన అడవిని, మన అపరాధభావాన్ని ఆ పాత అమెరికన్ కథలోకి తీసుకెళ్ళాడు. దానికి అక్షరాలు రాసిన ఆదిత్య బిడీకర్ కూడా మనదేశంవాడే. ఆ పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు బెలూన్లను కూడా చూడమని నా మనవి.

ఇవాళ దిగుమతి సంకలనం ఒకటి కొనాలంటే వెయ్యి రూపాయలు దాటుతుంది. కాలేజీ కుర్రాడు ఎలా కొంటాడు? గోథమ్ చేసినట్టు మళ్ళీ ఇక్కడే అచ్చువేయాలి, తెలుగులోనూ వేయాలి. మార్వెల్ సినిమాలు తెలుగులో చూసేవాళ్ళు ఇంతమంది ఉండగా ఆ పుస్తకాలు తెలుగులో చదివేవాళ్ళు ఉండరా? అయితే ఒక్క జాగ్రత్త. ఆ బెలూన్లు ఇంగ్లీషు పెద్దక్షరాల కొలతతో గీసినవి. మన లిపికి పైన గుడులు, తలకట్లు, కింద ఒత్తులు. వరసకూ వరసకూ మధ్య చోటు ఎక్కువ కావాలి. ఆ బెలూన్లలో కంప్యూటర్ ఫాంటు కుక్కితే ఒత్తులు కింది వరస గుడుల్లో చిక్కుకుంటాయి, పేజీ ఊపిరాడక చస్తుంది. బెలూన్ తిరిగి గీయగలిగిన, తెలుగు అక్షరాన్ని బొమ్మలా రాయగలిగిన లెటరర్ కావాలి. బాపు చేతిరాతను ఫాంటుగా మార్చుకుని పెళ్ళిపత్రికల దాకా వాడుకుంటున్న జాతి మనది. అలాంటి చెయ్యి ఉన్నవాళ్ళు చిత్రకళా కళాశాలల్లో ఇప్పటికీ చదువుకుంటున్నారు. ప్రచురణకర్త ఎవరైనా ముందుకొస్తే ముందు ఆ లెటరర్‌ని వెతికి జీతానికి పెట్టుకోండి, పేరు అట్ట మీద వేయండి, ఆ తర్వాతే హక్కుల కోసం న్యూయార్క్‌కో బర్బ్యాంక్‌కో ఉత్తరం రాయండి.